బిల్లులో 5 స్టార్, గోడ మీద 3 స్టార్: షోరూమ్ వాపసు తీసుకోనంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. అమ్మానాన్నల గది కోసం విజయవాడలో ఒక షోరూమ్‌లో 1.5 టన్నుల 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ కొన్నాం. సగం డబ్బు చేతి నుంచి కట్టాం, సగం ఫైనాన్స్. రెండు రోజుల కింద డెలివరీ ఇచ్చారు, నిన్న టెక్నీషియన్ వచ్చి బిగించి వెళ్లాడు. సాయంత్రం మా తమ్ముడు చూసి 'ఇది 3 స్టార్ కదా' అన్నాడు. బిల్లులో మాత్రం 5 స్టార్ మోడలే ఉంది. వెంటనే షోరూమ్‌కి ఫోన్ చేస్తే 'ఇన్‌స్టాల్ అయ్యాక వాపసు ఉండదు, కంపెనీకి కంప్లైంట్ పెట్టుకోండి' అన్నారు. గట్టిగా అడిగితే నాలుగు వేలకు క్రెడిట్ నోట్ ఇస్తామంటున్నారు. మా డబ్బు మాకు వస్తుందా?

జవాబు:

వస్తుందండీ. బిల్లులో ఒక మోడల్, ఇంట్లో ఇంకో మోడల్ ఉన్నాయంటే మీది గట్టి కేసు. నేను చాలా ఏళ్లు ఒక గృహోపకరణాల షోరూమ్‌లో బిల్లింగ్, అకౌంట్స్ చూశాను. ఆ తర్వాత ఇలా మోసపోయినవాళ్లకు ఫిర్యాదులు రాసిపెడుతూ వచ్చాను. కౌంటర్‌కి రెండు వైపులా ఉన్నవాడిగా అన్నిటికంటే ముందు ఒక మాట చెప్తాను. మీది 'ఏసీ పాడైంది' అన్న ఫిర్యాదు కాదు. 'నచ్చలేదు, మార్చి పెట్టండి' అని బతిమాలుకోవాల్సిన విషయమూ కాదు. మీరు డబ్బు కట్టిన వస్తువు మీకు ఇంకా రానే లేదు. షోరూమ్ వాళ్లు దీన్ని ఎలాగైనా సర్వీసు గొడవగానో, ఎక్స్‌ఛేంజ్ గొడవగానో మార్చాలని చూస్తారు. అలా మారనివ్వకపోవడమే మీరు చేయాల్సిన అసలు పని.

'కంపెనీకి కంప్లైంట్ పెట్టుకోండి' అన్న సలహా అందుకే వస్తుంది. మీరు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వాళ్లు సర్వీసు కాల్ బుక్ చేస్తారు. టెక్నీషియన్ వచ్చి గ్యాస్ ప్రెషర్ చూస్తాడు, గాలి ఎంత చల్లగా వస్తోందో కొలుస్తాడు, 'యూనిట్ సరిగా పనిచేస్తోంది' అని రాసి మీ సంతకం తీసుకుంటాడు. అతను రాసిందాంట్లో అబద్ధం కూడా ఉండదు, 3 స్టార్ ఏసీగా అది బాగానే పనిచేస్తూ ఉంటుంది. రేపు షోరూమ్ ఆ కాగితాన్నే ముందు పెట్టి 'కస్టమర్ సంతకం ఉంది చూడండి' అంటుంది. మీ దగ్గర డబ్బు తీసుకుంది షోరూమ్, బిల్లు ఇచ్చింది షోరూమ్, గోడౌన్ నుంచి వేరే పెట్టె పంపిందీ షోరూమే. జవాబు చెప్పాల్సింది వాళ్లే.

ఇక ఈ రోజే ఏసీ వాడకం ఆపేయండి. ఈ ఎండల్లో పెద్దవాళ్లున్న ఇంట్లో అది ఎంత కష్టమో తెలుసు. వీలైతే కొద్ది రోజులు కూలర్ ఏదైనా చూసుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఫలానా వస్తువు అని చెప్పి అమ్మినప్పుడు ఇచ్చే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని దాని 15వ సెక్షన్ అంటుంది. సరిపోకపోతే మీరు తిరస్కరించవచ్చు. అయితే ఒకసారి అంగీకరించిన సరుకును మాత్రం ఆ తర్వాత తిరస్కరించలేరు, నష్టపరిహారం అడగడం వరకే మిగులుతుంది. 'సరే, ఉంచుకుంటాను' అని చెప్పినా, సొంత వస్తువులా వాడుకున్నా, వద్దన్న సంగతి చెప్పకుండా ఎక్కువ కాలం దగ్గర పెట్టుకున్నా 42వ సెక్షన్ ప్రకారం అంగీకరించినట్టే లెక్క. ఎన్ని రోజులు అన్నది చట్టంలో లేదు, సహేతుకమైన సమయం అని మాత్రమే ఉంది. బిగించిన రోజు సాయంత్రమే గుర్తించారు కాబట్టి మీకు ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఎండాకాలమంతా వాడుకుని జూలైలో వాపసు అడిగితే మాత్రం మొత్తం డబ్బు రావడం కష్టం, రెండు మోడళ్ల ధరల తేడా దగ్గరే మాట ఆగిపోతుంది.

తర్వాత ఫొటోలు. ఇండోర్ యూనిట్ మీద స్టార్ లేబుల్ (కరెంటు ఎంత ఆదా చేస్తుందో చూపించే స్టిక్కర్) ఉంటుంది కదా, దాన్ని అక్షరాలు చదవగలిగేంత దగ్గర నుంచి తీయండి. మోడల్ నంబర్, స్టార్లు, ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందన్న లెక్క అన్నీ దాని మీదే ఉంటాయి. అదే యూనిట్ పక్కనో కిందనో సీరియల్ నంబర్ స్టిక్కర్ ఉంటుంది, అదీ తీయండి. తర్వాత బయటికి వెళ్లి అవుట్‌డోర్ యూనిట్ పక్క రేకు మీద ఉన్న ప్లేటు తీయండి. రెండూ ఎందుకంటే, స్ప్లిట్ ఏసీ రెండు పెట్టెల్లో వస్తుంది. ఇండోర్ ఒక మోడల్‌ది, అవుట్‌డోర్ ఇంకో మోడల్‌ది పంపిన సందర్భాలు నేను చూశాను. అలా జరిగి ఉంటే అది ఇంకా పెద్ద సమస్య.

అట్టపెట్టెలు పాత సామాన్లవాడికి వేసేయకండి. పెట్టె మీద మోడల్ నంబర్, తయారైన నెల, ఎంఆర్‌పీ ముద్రించి ఉంటాయి. మీకు వచ్చింది 3 స్టార్ మోడలే అని చూపించడానికి అది మంచి సాక్ష్యం. టెక్నీషియన్ ఇచ్చిన ఇన్‌స్టలేషన్ జాబ్ షీట్ కూడా దాచండి. కాగితం ఇవ్వకుండా ఫోన్‌లో ఓటీపీతో ముగించి ఉంటే మీకు మెసేజ్ వచ్చి ఉంటుంది, దాన్ని తీసేయకండి. కంపెనీ కస్టమర్ కేర్‌ను ఒక్క పనికి మాత్రం వాడుకోవచ్చు. ఈ సీరియల్ నంబర్ ఏ మోడల్‌ది, వారంటీ ఏ తేదీ నుంచి నమోదైంది అని ఈమెయిల్‌లో అడగండి. కంపెనీ రికార్డులో సీరియల్ నంబర్‌కి మోడల్ ముడిపడి ఉంటుంది. 'ఇది ఫలానా 3 స్టార్ మోడల్' అని వాళ్లు ఒక్క లైను రాసిస్తే ఇక షోరూమ్ వాదించడానికి ఏమీ ఉండదు. సర్వీసు కాల్ మాత్రం బుక్ చేయించుకోవద్దు.

ఇలా ఎందుకు జరుగుతుందో కూడా చెప్తాను, వాళ్లతో మాట్లాడేటప్పుడు మీకు పనికొస్తుంది. చాలా కంపెనీల మోడల్ కోడ్‌లో 3 స్టార్‌కీ 5 స్టార్‌కీ తేడా ఒక్క అంకెనో, ఒక్క అక్షరమో. ఎండాకాలం సీజన్‌లో గోడౌన్ కుర్రాడు 'ఒకటిన్నర టన్ను, ఫలానా బ్రాండ్' అని చూసి పెట్టె ఎక్కించేస్తాడు. ఇది పొరపాటు, సరిదిద్దడం తేలిక. ఇంకో రకం ఉంది. బిల్లు వేసిన మోడల్ స్టాకులో ఉండదు. ఆ రోజు అమ్మకం పోగొట్టుకోవడం ఇష్టంలేక ఉన్నదాన్ని పంపేస్తారు, కస్టమర్ స్టార్లు లెక్కపెట్టకపోతే సరే సరి. ఏ రకమైనా, మీకు పంపిన యూనిట్ సీరియల్ నంబర్ వాళ్ల స్టాక్ రిజిస్టర్‌లో ఇంకా మిగిలే ఉంటుంది, బిల్లు వేసిన మోడల్ లెక్కలో అమ్ముడైపోయి ఉంటుంది. అంటే షోరూమ్ వాళ్లకు కూడా ఈ లెక్క సరిచేసుకోక తప్పదు. ఫోన్ ఎత్తే సేల్స్ కుర్రాడితో కాకుండా స్టోర్ మేనేజర్‌తో మాట్లాడి, 'మీ స్టాకులో ఈ రెండు మోడళ్ల లెక్క ఒకసారి చూడండి' అనండి. ఆ మాటతో వాళ్ల గొంతు మారుతుంది.

మాట్లాడినా మాట్లాడకపోయినా రాతపూర్వకంగా పంపడం తప్పనిసరి. ఫోన్‌లో చెప్పింది తర్వాత రుజువు చేయలేరు. షోరూమ్ వాట్సాప్ నంబర్‌కి, బిల్లు మీద ఉన్న ఈమెయిల్‌కి రెండింటికీ ఇలా పంపండి:

'తేదీ __ నాటి మీ బిల్లు నం. __ ప్రకారం __ మోడల్ (1.5 టన్నులు, 5 స్టార్) ఏసీకి రూ. __ చెల్లించాను. మీరు పంపినది __ మోడల్ (3 స్టార్). ఇండోర్ సీరియల్ నం. __, అవుట్‌డోర్ సీరియల్ నం. __. ఇది నేను కొన్న వస్తువు కాదు. దీన్ని నేను అంగీకరించడం లేదు. __ తేదీ నుంచి వాడకం ఆపేశాను. ఏసీ మా ఇంట్లో భద్రంగా ఉంది. మీ ఖర్చుతో విప్పించి తీసుకెళ్లి, ఇన్‌స్టలేషన్ ఖర్చులతో సహా నేను చెల్లించిన మొత్తం రూ. __ ఏడు రోజుల్లో తిరిగి చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఫొటోలు, బిల్లు కాపీ జతచేశాను.'

ఇందులో 'అంగీకరించడం లేదు' అన్న వాక్యం తీసేయకండి, పైన చెప్పిన చట్టమంతా దాని మీదే నిలబడుతుంది. మోసగాళ్లు, దొంగలు లాంటి మాటలు రాయకండి. కేసు దాకా వస్తే రేపు ఈ మెసేజ్ జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్తుంది, అక్కడ చదివేవాళ్లకు మీరు నిదానస్తులుగా కనబడాలి. ఏసీని ఆటో ట్రాలీలో వేసుకుని మీరు విజయవాడ మోసుకెళ్లాల్సిన పని కూడా లేదు. తిరస్కరించిన సరుకును తిరిగి పంపే బాధ్యత కొన్నవాడిది కాదని, తిరస్కరించానని తెలియజేస్తే చాలని అదే వస్తు విక్రయ చట్టం 43వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఊళ్లో మెకానిక్‌ను పిలిచి విప్పించనూ వద్దు. గ్యాస్ సరిగా లాక్ చేయకుండా విప్పితే, రాగి పైపు వంగితే, ఆ నష్టం మీ నెత్తిన వేస్తారు.

మీకు ఏసీ ఎలాగూ కావాలి కాబట్టి డబ్బుకు బదులు అసలు మోడలే తెచ్చి బిగిస్తామంటే ఒప్పుకోవచ్చు. నేనైతే ఒప్పుకుంటాను. అయితే 'స్టాక్ వస్తే చూస్తాం' అన్న మాట తీసుకోకండి. ఏ తేదీలోగా తెస్తారో మెసేజ్‌లో రాయమనండి, ఆ తేదీ దాటితే మొత్తం డబ్బు వాపసు అన్న మాట కూడా అందులోనే ఉండాలి.

ఇక వాళ్లు చెప్పే సాకులు. డెలివరీ చలాన్ మీద 'మంచి స్థితిలో అందింది' అని సంతకం పెట్టారు కదా అంటారు. ఆ సంతకం పెట్టె సొట్టలు లేకుండా చేరిందనడానికే. పరీక్షించి చూసుకునే సరైన అవకాశం వచ్చేదాకా కొన్నవాడు అంగీకరించినట్టు కాదని అదే చట్టం 41వ సెక్షన్‌లో ఉంది. మూసిన అట్టపెట్టె బయట నిలబడి లోపలి యూనిట్‌ను ఎవరూ పరీక్షించలేరు. పైగా కంపెనీ టెక్నీషియనే వచ్చి తెరవాలి, మీరు తెరిస్తే వారంటీ పోతుందని వీళ్లే చెప్తారు.

'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు కింద అచ్చువేసి ఉందంటారు. అది మనసు మార్చుకున్నవాళ్ల విషయంలో చెల్లుతుంది. రంగు నచ్చలేదనో, పక్క షాపులో చవకగా దొరికిందనో వెనక్కి ఇస్తే తీసుకోవాలని చట్టంలో లేదు, ఆ ఎక్స్‌ఛేంజ్ పాలసీ షాపువాళ్ల ఇష్టం. మీది అది కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 'లోపం' అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో వస్తువు పాడవడం మాత్రమే లేదు. ఒప్పందం ప్రకారం ఉండాల్సిన ప్రమాణం లేకపోయినా, అమ్మినవాడు చెప్పుకున్న ప్రమాణం లేకపోయినా లోపమే. అలాంటి వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు ఏమీ చెప్పకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని అదే చట్టం 2(47) సెక్షన్ చెబుతోంది. బిల్లు కింద అచ్చువేసిన లైను చట్టాన్ని కొట్టేయలేదు.

'జీఎస్టీ గవర్నమెంట్‌కి కట్టేశాం, ఆ డబ్బు వెనక్కి రాదు' అన్నది నేను ఎక్కువగా విన్న సాకు, అకౌంట్స్‌లో పనిచేసినవాడిగా నాకు కోపం తెప్పించేదీ ఇదే. ఏసీ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. 40,000 రూపాయల బిల్లు అయితే అందులో దాదాపు 6,100 రూపాయలు పన్నే. చిన్న మొత్తం కాదు. సరుకు వాపసు వస్తే అమ్మినవాడు కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 34వ సెక్షన్ కింద క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ రాసే పత్రం) వేసి, తన రిటర్న్‌లో ఆ పన్నును తగ్గించుకుంటాడు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా అతనికి టైముంది. ప్రతి షోరూమ్ అకౌంటెంటూ నెలనెలా చేసే పని ఇది. కాబట్టి పన్ను మినహాయించి ఇస్తామంటే ఒప్పుకోకండి.

మీకు ఇస్తామంటున్న నాలుగు వేల క్రెడిట్ నోట్ ఇది కాదు, అది వాళ్ల షాపులోనే మళ్లీ ఏదో కొనుక్కోమని ఇచ్చే చీటీ. అది తీసుకుంటే 3 స్టార్ ఏసీని మీరు అంగీకరించినట్టే అవుతుంది. అయినా ఏసీ ఉంచుకుని తేడా తీసుకుంటే ఎలా ఉంటుందని మీకు అనిపించవచ్చు, మళ్లీ విప్పడం, గోడకు కన్నాలు, ఇదంతా ఎందుకని. అలా అనుకుంటే ముందు లెక్క చూసుకోండి. రెండు మోడళ్ల ధరల తేడా ఒకటి. స్టార్ లేబుల్ మీద ఉన్న యూనిట్ల లెక్క ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసింది. రెండు మోడళ్ల మధ్య తేడా 200 యూనిట్లు ఉందనుకోండి, యూనిట్ 8 రూపాయల చొప్పున ఏడాదికి 1,600 రూపాయలు. ఏసీ పదేళ్లు వాడతాం. అమ్మానాన్నలు పగలంతా ఇంట్లోనే ఉంటారు కాబట్టి మీ వాడకం ఇంకా ఎక్కువే ఉంటుంది. ఈ లెక్కకు నాలుగు వేల చీటీ దరిదాపుల్లో కూడా లేదు. తేడాతో సర్దుకోవాలనుకుంటే నగదే అడగండి, బిల్లును అసలు మోడల్ పేరుతో సరిచేయించుకోండి. లేకపోతే రేపు కంప్రెసర్ పోయినప్పుడు బిల్లులో ఒక మోడల్, సీరియల్ ఇంకో మోడల్‌ది అని కంపెనీ వారంటీ దగ్గర పేచీ పెడుతుంది.

ఫైనాన్స్ గురించి ఒక జాగ్రత్త. కోపంతో ఈఎంఐ ఆపేయకండి. బ్యాంకు ఖాతా నుంచి ఆటో డెబిట్ బౌన్స్ అయితే చార్జీలు పడతాయి, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. షోరూమ్‌తో గొడవ తీరాక కూడా ఆ మచ్చ ఉండిపోతుంది. షోరూమ్‌కి పంపిన మెసేజే ఫైనాన్స్ కంపెనీకి కూడా ఈమెయిల్ చేసి, సరుకు తిరస్కరించానని, లోన్ క్యాన్సిలేషన్ కోసం షోరూమ్‌ను అడిగానని రాయండి. లోన్ రద్దు చేయమని ఫైనాన్స్ కంపెనీని అడగాల్సింది షోరూమ్ వాళ్లే, ఎందుకంటే డబ్బు వాళ్ల ఖాతాకే వెళ్లింది. మీరు ఈలోగా కట్టిన ఈఎంఐలు, ప్రాసెసింగ్ ఫీజు షోరూమ్ నుంచి రావాల్సిన మొత్తంలో కలపండి. డౌన్ పేమెంట్ క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే కార్డు ఇచ్చిన బ్యాంకులో ఆ చెల్లింపు మీద అభ్యంతరం (డిస్ప్యూట్) కూడా వేయవచ్చు. దానికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి.

మీ బిల్లు స్పష్టంగా ఉంది కాబట్టి సరిపోయింది. ఇది చదివే అందరి బిల్లులూ అలా ఉండవు. కొందరి బిల్లులో 'స్ప్లిట్ ఏసీ 1.5 టన్' అని మాత్రమే ఉంటుంది. ఇంకొందరికి సేల్స్‌మన్ నోటితో 5 స్టార్ అని చెప్పి, బిల్లు 3 స్టార్ మోడల్‌కే వేసి ఉంటాడు. అప్పుడు పని కష్టమే కానీ అసాధ్యం కాదు. ముందు రోజు వాట్సాప్‌లో పంపిన కొటేషన్, షోరూమ్‌లో తీసుకున్న ధర ట్యాగ్ ఫొటో, పేపర్ ప్రకటన, అదే వారం అదే షోరూమ్ వెబ్‌సైట్‌లో రెండు మోడళ్ల ధరల స్క్రీన్‌షాట్, ఇలా దొరికిందల్లా పోగుచేయాలి. 3 స్టార్ ధర 36,000 ఉండగా మీ దగ్గర 44,000 తీసుకున్నారంటే ఆ అంకే సాక్ష్యం చెబుతుంది. ఏ ఆధారమూ లేకుండా 'నోటితో చెప్పాడు' అన్న మాటతో మాత్రం కేసు నిలబడడం చాలా కష్టం. అందుకే డబ్బు కట్టకముందే బిల్లులో పూర్తి మోడల్ నంబర్ పడిందో లేదో చూసుకోమని అందరికీ చెప్తుంటాను.

మీరిచ్చిన ఏడు రోజుల్లో షోరూమ్ కదలకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. వాళ్లు ఫిర్యాదు నమోదు చేసుకుని నంబర్ ఇస్తారు, షోరూమ్‌కి పంపిస్తారు. పెద్ద చైన్ షోరూమ్ అయితే హెడ్ ఆఫీసు నుంచి మీకు ఫోన్ వచ్చే అవకాశం బాగా ఉంది. ఒకటే షాపు నడుపుకునేవాడైతే పట్టించుకోకపోవచ్చు. హెల్ప్‌లైన్‌కి ఆదేశాలిచ్చే అధికారం లేదు, మాట్లాడి రాజీ చేయడం వరకే. అక్కడ నెలలు గడిపేయకండి. పోలీస్ స్టేషన్‌కి వెళ్లమని కూడా చాలామంది సలహా ఇస్తారు. ఇలాంటి బిల్లు గొడవను అక్కడ సివిల్ వ్యవహారం అని తిప్పి పంపుతారు, మీ సమయం పోతుంది.

తర్వాత మెట్టు నోటీసు. పైన ఇచ్చిన మెసేజ్‌నే కాస్త పెంచి, తేదీల వారీగా ఏం జరిగిందో రాసి, 15 రోజుల్లో చెల్లించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని చెప్పి స్పీడ్ పోస్టులో పంపండి. తెలుగులో రాయవచ్చు, లాయర్ అక్కర్లేదు. పోస్టు రసీదు, చేరినట్టు చూపించే ట్రాకింగ్ ప్రింటు దాచండి. కేసుకు ముందు నోటీసు ఇచ్చి తీరాలన్న నియమం లేదు. కానీ నేను చూసినంతలో ఇలాంటి గొడవలు చాలావరకు నోటీసు అందిన వారంలోనే తీరిపోతాయి. కౌంటర్ మీద కుర్రాడు వద్దన్న వాపసును కాగితం చూసిన యజమాని ఇచ్చేస్తాడు, ఎందుకంటే కమిషన్‌కి వెళ్తే లాయర్ ఖర్చే ఏసీ ధరలో సగం అవుతుందని అతనికి తెలుసు.

అప్పటికీ ఇవ్వకపోతే కమిషన్. మీరు విజయవాడ తిరగక్కర్లేదు, ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. పాత 1986 చట్టం కింద అయితే షోరూమ్ ఉన్న చోటో, వివాదానికి కారణం పుట్టిన చోటో వేయాల్సి వచ్చేది. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, కొన్నవాడు నివసించే చోట గానీ పనిచేసే చోట గానీ ఫిర్యాదు వేసుకునే హక్కు ఇచ్చింది. రాష్ట్రం వేరైనా ఇబ్బంది లేదు. బిల్లు కింద 'విజయవాడ కోర్టుల పరిధికి లోబడి' అన్న లైను ఉంటే దాన్ని చూసి వెనక్కి తగ్గకండి. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. 'ఈ-జాగృతి' పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియోలో విచారణకు హాజరయ్యే వీలు కూడా ఉంది. కంప్యూటర్ అలవాటు లేకపోతే కమిషన్ ఆఫీసుకు వెళ్లి కాగితాలు ఇవ్వండి.

ఫిర్యాదుతో పాటు ప్రమాణ పత్రం (అఫిడవిట్), బిల్లు, ఫొటోలు, మెసేజ్‌ల ప్రింట్లు, నోటీసు కాపీ పెట్టాలి. వాట్సాప్ ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఈ ప్రింటు ఫోన్‌లోని అసలు మెసేజ్‌కు నకలేనని ధ్రువీకరించే పత్రం) కలిపితే అవతలివాళ్లు అభ్యంతరం చెప్పడానికి ఉండదు. ప్రతివాదిగా షోరూమ్‌ను పెట్టండి చాలు. తయారీ కంపెనీని, ఫైనాన్స్ వాళ్లను అందరినీ చేరిస్తే అందరికీ నోటీసులు అందేదాకా వాయిదాల మీద వాయిదాలు పడతాయి. అడిగే మొత్తం కూడా నమ్మదగ్గట్టు ఉండాలి. కట్టిన ధర, ఇన్‌స్టలేషన్, స్టాండు, ఫైనాన్స్ ఖర్చులు, దాని మీద వడ్డీ, ఇబ్బందికి కొంత పరిహారం, కేసు ఖర్చులు. 40 వేల ఏసీకి 5 లక్షల పరిహారం అడిగిన ఫిర్యాదులు చూశాను, దానివల్ల అసలు విషయం పలచబడిపోతుంది.

నోటీసు అందాక షోరూమ్ 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించవచ్చు. 45 రోజులు దాటితే ఇక పొడిగింపు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చి చెప్పింది. వస్తువును ల్యాబ్‌కు పంపే పని లేని కేసులు మూడు నెలల్లో ముగించాలని చట్టంలో ఉంది. వాస్తవంలో అంతకంటే చాలా ఎక్కువే పట్టవచ్చు, అందుకు సిద్ధపడే వేయండి. మధ్యలో మీడియేషన్‌కు (మధ్యవర్తి ముందు రాజీ మాటలకు) పంపుతామంటే ఒప్పుకోండి, ఇలాంటి లెక్క తేలిన గొడవలు అక్కడ త్వరగా తెగుతాయి.

ఏసీ ఇంటికి కాబట్టి మీకు రాని ప్రశ్న ఒకటి వేరేవాళ్లకు వస్తుంది. కుట్టు మిషన్, పొలానికి మోటార్, విత్తనాలు కొన్నవాళ్లను 'మీరు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారులు కారు' అని అవతలి లాయర్ అంటాడు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవాళ్లు వినియోగదారులేనని చట్టంలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాల మీద వేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ ఎం. మధుసూదన్ రెడ్డి కేసులో 2012లో కోర్టు రైతులు వినియోగదారులేనని స్పష్టం చేసింది. ఒక రకం విత్తనం అడిగితే ఇంకో రకం అంటగట్టినప్పుడు ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి. ఖాళీ సంచి, ట్యాగ్, కొద్దిగా విత్తనం దాచుకోవాలి.

వాపసు ఇచ్చే రోజు తొందరపడకండి. కంపెనీ టెక్నీషియన్ వచ్చి విప్పాలి, విప్పేముందు ఏసీ ఒకసారి ఆన్ చేసి పనిచేస్తున్నట్టు వీడియో తీయండి. రెండు సీరియల్ నంబర్లు రాసి, షోరూమ్ స్టాంపుతో సరుకు వాపసు రసీదు తీసుకోండి. అసలు బిల్లు అడిగితే జిరాక్స్ ఇవ్వండి, డబ్బు ఖాతాలో పడ్డాకే అసలుది. 'ఎటువంటి క్లెయిమూ లేదు' అన్న కాగితం మీద డబ్బు రాకముందే సంతకం చేయకండి. ఫైనాన్స్ కంపెనీ నుంచి లోన్ క్లోజ్ అయినట్టు లెటర్ వచ్చేదాకా విషయం ముగిసినట్టు కాదు. ఆ తర్వాత రెండు మూడు నెలలకు ఒకసారి సిబిల్ రిపోర్టు తీసి చూసుకోండి.

కమిషన్ మీకు అనుకూలంగా ఆదేశం ఇచ్చాక షోరూమ్ అప్పీలుకు వెళ్లాలంటే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు పోవాలి, ఆదేశించిన మొత్తంలో సగం ముందే అక్కడ జమచేయాలి. అప్పీలూ చేయక, డబ్బూ ఇవ్వక కూర్చుంటే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఆదేశం పాటించనివాళ్లకు వినియోగదారుల రక్షణ చట్టం 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ పిటిషన్‌కు ఆదేశం సర్టిఫైడ్ కాపీ కావాలి, కాబట్టి తీర్పు వచ్చిన వెంటనే కాపీకి దరఖాస్తు పెట్టుకోండి.